చక్రవాకము, చక్రవాహనము

నేను ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసితిని. పద్యములో చక్రవాకము వచ్చినప్పుడెల్ల ‘జక్కవపిట్ట’ యని అర్థము చెప్పి ముందునకు సాగెడివాడను. జక్కవ దంపతులు రాత్రియందు ఎడబాసి, నదికి చెరియొక దరిని నిలిచి ఒండొంటిని పిలుచుకొనునను కవిసమయమును గూడ వ్రాయించెడివాడను. ఒకనాడు ఒక బాలుడు లేచి, “ఆ పిట్ట ఎట్లుండునండీ? మన గోదావరిలో కనబడునా?” అని యడిగెను. నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. “పరీక్షలో పిట్ట బొమ్మ వేయుమని యెవరును అడుగరు, కూర్చుండుము” అని గద్దించితిని. తరగతి యంతయు నవ్వెను. ఆ సంవత్సరమున వాడు మరల నన్నేమియు అడుగలేదు.

గడచిన పుష్యమాసమున ఆ బాలుడే, ఇప్పుడు నలుబది దాటినవాడు, రాజమహేంద్రవరములోని మా యింటికి వచ్చి, “మాస్టారూ, శని ఆదివారములు నాతో రండి. పిట్టలను చూచి వత్తము” అనెను. వాని కారుపై ఒక వింత సైకిలు కట్టియుండెను. దానిని గూర్చి పిమ్మట చెప్పెదను.

శనివారము తెల్లవారుసరికి కాకినాడకు దక్షిణమున కోరంగి చేరితిమి. ఒకప్పుడిది ఓడలు కట్టిన రేవు. 1789లోను, మరల 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని నేలమట్టము చేసినవి. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు ఇట్టి సుడితుపానులకు ‘సైక్లోను’ అని పేరు పెట్టెను. ఇప్పుడచ్చట ఓడలు లేవు, మడ అడవి యున్నది. ప్రభుత్వము దానిని 1978లో అభయారణ్యముగా ప్రకటించెను.

ఉప్పుబురదలో గాలి చొరదు గనుక మడచెట్ల వేళ్లు పైకి మొలచి ఊపిరి పీల్చుకొనును. పోటు వచ్చినప్పుడు అవి మునుగును. పాటు తీసినప్పుడు బురద బయటపడును. పక్షులకు అదియే విస్తరి వేసిన వేళ. పొట్టిముక్కు పిట్ట పైపై పురుగులను ఏరుకొనును. పొడుగుముక్కు ఉల్లంకి లోతున నున్నవానిని లాగును. ఒకే బురదలో ఇన్ని జాతులు తగవులాడక బ్రతుకుటకు ముక్కుల కొలతలే కారణమని నా శిష్యుడు చెప్పెను. మా పడవవాడు దుర్భిణి లేకయే లకుముకిని, నీటికాకిని, నారాయణపక్షిని చూపి పేర్లు చెప్పుచుండెను. ఆ పేర్లన్నియు నాకు నిఘంటువులో తెలియును. పక్షులు మాత్రము వానికి తెలియును.

మధ్యాహ్నమునకు యానాము చేరి వీధులు తిరిగితిమి. 1954 వరకు ఈ యూరు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. 1930లో శారదా చట్టము అమలునకు వచ్చినపుడు అది ఇచ్చట చెల్లనందున, చుట్టుపట్లవారు బాల్యవివాహములు చేయుటకు ఇచ్చటికే వచ్చెడివారు. అందుచేత దీనికి కల్యాణపురమను పేరు కలిగెను. ఆ పేరు వినుటకు ఇంపు; దాని వెనుక ఎందరు పసిబాలికలున్నారో తలచిన ఇంపు తగ్గును.

సాయంకాలము గౌతమి గట్టున శిష్యుడు ఆ వింత సైకిలును దింపెను. అది పరుండి త్రొక్కు సైకిలు. పడక కుర్చీవంటి ఆసనమున వెనుకకు వాలి, కాళ్లు ముందునకు చాచి త్రొక్కవలెను. దేహము తక్కువ ఎత్తున ఉండుటచే గాలి అంతగా అడ్డగింపదు. ఫ్రాన్సు దేశములో షార్ల్ మొషే యనునతడు చేసిన ఇట్టి బండిపై 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనునతడు ఒక్క గంటలో 45 కిలోమీటర్లకు పైగా పోయి పాత ప్రమాణమును మించెను. మరుసటి యేడే సైకిలు పందెముల సంఘమువారు, ఇది మామూలు సైకిలు కాదని పందెములనుండి తొలగించిరి. వ్యాకరణమునకు లొంగని ప్రయోగమును అసాధువని కొట్టివేసిన మా వంటివారు అచ్చటను గలరు!

నేను పంచె బిగించి ఎక్కితిని. మొదటిసారి ఎడమకు పడితిని, రెండవసారి కుడికి. “కాళ్లవైపు చూడకండి మాస్టారూ, దూరముగా చూడండి” అని శిష్యుడు వెనుక పట్టుకొని పరుగెత్తెను. మూడవసారి ఇరువది బారల దూరము పోయితిని. ఆకాశము నా యెదుట నుండెను. ఒక కొంగల బారు తలమీదుగా పోవుటను మెడ ఎత్తకయే చూచితిని.

ఆదివారము వేకువను అదే గట్టునుండి ఎదుటి ఇసుకతిన్నెపై రెండు పక్షులను వాడు చూపెను. బాతుకంటె పెద్దవి, కాషాయవర్ణము, తల పాలిపోయిన రంగు, తోక నలుపు. “ఇవే మాస్టారూ, జక్కవలు” అనెను. ఇవి లడాకు, టిబెట్టు ప్రాంతముల పిల్లలు చేసి, చలికాలమున మన నదులకు వచ్చును. రాత్రివేళ మేతకై చెదరి తిరుగుచు ఒండొంటిని పిలుచుకొనును. ఆ పిలుపు విని పూర్వులు విరహకథ కట్టియుందురని వాని యూహ.

నేను వానితో, “నాయనా, ఆనాడు నాకు తెలియలేదు. తెలియదని చెప్పలేక నిన్ను చిన్నబుచ్చితిని” అంటిని. వాడు కొంతసేపు పలుకలేదు. తరువాత, “మీరన్న మాట మరచిపోయానండీ. అందరును నవ్వినదే జ్ఞాపకమున్నది” అనెను. దుర్భిణి మరల నా చేతికిచ్చి, “మగదానికి మెడను సన్నని నల్లపట్టె కనబడును, ఆడదానికి ఉండదు, చూడండి” అనెను.

తిరుగుదారిలో నాకు నిఘంటువే మరల తోడైనది. చక్రవాకమునకు రథాంగమనియు పేరు, రథాంగమనగా బండిచక్రమే. సైకిలునకును, సైక్లోనునకును మూలమైన గ్రీకుపదము మన చక్రశబ్దమునకు తోబుట్టువని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. రెండు దినములలో నేను చూచినవన్నియు ఒక్క ధాతువు పిల్లలే! అయినను ఈ వ్యుత్పత్తి నాకు నలుబది యేండ్లుగా తెలియును. తిన్నెమీది పక్షి మాత్రము మొన్ననే తెలిసినది.

ఈ ప్రసంగమును వినుచున్న ఉపాధ్యాయులకు ఒక్క మనవి. పిల్లవాడు “అది ఎట్లుండునండీ?” అని అడిగినప్పుడు తెలియనిచో తెలియదనుడు. పిదప వానిని వెంటబెట్టుకొని ఏటిగట్టునకు పొండు.