త్రిప్పు బలము - దాని కొలతలు

తిరగలి పిడిని రాతి నడుమ గాక అంచున ఏల నాటుదురో మనమెన్నడైన ఆలోచించితిమా? పిడిని ఇరుసునకు చేరువగా జరిపినచో, అవే గింజలను విసరుటకు చేతులు మరింత శ్రమపడవలసి వచ్చును. తలుపును బందుల ప్రక్క నెట్టి చూచినను ఈ సంగతియే తెలియును. త్రిప్పుటకు బలమొక్కటే చాలదు. ఆ బలము ఇరుసునకు ఎంత దూరమున పనిచేయుచున్నదనునదియు ముఖ్యమే. ఈ రెంటి లబ్ధమును శాస్త్రజ్ఞులు బలభ్రామకమందురు. యంత్రములతో పనిచేయువారు టార్క్ అందురు.

అరమీటరు పానా కొసను, దానికి లంబముగా, 200 న్యూటన్ల బలముతో నొక్కితిమనుకొందము. నట్టుపై టార్క్ 100 న్యూటన్ మీటర్లగును. పానా పొడవు రెట్టించినచో సగము బలమే చాలును.

చిక్కంతయు మానములలో నున్నది. న్యూటన్ మీటరు నేటి అంతర్జాతీయ మానము. కొన్ని యంత్రముల పుస్తకములలో కిలోగ్రాము మీటరును, మరికొన్నింట పౌండు అడుగును కనబడును. కిలోగ్రాము బరువనగా 9.80665 న్యూటన్ల బలము. కావున 1 కిలోగ్రాము మీటరు సుమారు 9.81 న్యూటన్ మీటర్లు. పౌండు బరువు 4.448 న్యూటన్లు, అడుగు 0.3048 మీటరు, ఈ రెంటిని హెచ్చవేయగా, 1 పౌండు అడుగు 1.356 న్యూటన్ మీటర్లని తేలును.

ఇది లెక్కల వినోదము మాత్రమే కాదు. కారు చక్రపు నట్టును 80 పౌండు అడుగులకు బిగింపుమని పుస్తకమున నున్నదనుకొందము. అది సుమారు 108 న్యూటన్ మీటర్లు. తొందరలో మనము 80 న్యూటన్ మీటర్లకే బిగించితిమేని, బిగువు నాలుగవ వంతుకు పైగా తక్కువ పడును. దారిలో నట్టు వదులు కావచ్చును. 80 న్యూటన్ మీటర్లని వ్రాసినచోట 80 పౌండు అడుగులకు బిగించితిమేని, మూడవ వంతుకు పైగా ఎక్కువై మరలు చెడవచ్చును, బోల్టు తెగనూవచ్చును. అంకె ఒక్కటే, ఫలితములు వేరు.

శక్తిని కొలుచు జౌలు కూడ న్యూటన్ మీటరే కదా యని కొందరికి సందేహము కలుగవచ్చును. అచ్చట దూరము బలము కదలించిన దిశలోనిది. ఇచ్చట దూరము బలమునకు అడ్డముగా నుండునది. కనుక టార్క్‌ను జౌళ్ళలో చెప్పరాదు.

1956లో తూనికలు కొలతల చట్టము వచ్చిన పిమ్మట, వీసెలను మణుగులను విడిచి కిలోగ్రాములకు అలవడిన జాతి మనది. ఈ మార్పిడి మనకొక బరువు గాదు. అంకెను చదివి పానా చేపట్టుటకు ముందు, ఆ అంకె ప్రక్కనున్న మానమును కూడ చదువు అలవాటు చేసికొందము.