నెల్లూరు సీమ పాట: పేరున్న గొంతులు, పేరులేని గొంతులు
(నెల్లూరులో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను "నెల్లూరు సీమ సంగీత కళాకారులు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే సంతోషం వేసింది. ఇంటికెళ్ళి కాగితం ముందు పెట్టుకుని పేర్లు రాయడం మొదలుపెట్టాను. నాలుగైదు పేర్లు గబగబా వచ్చాయి. అవన్నీ మీకూ తెలిసినవే. వాటిలో ఆడవాళ్ళ పేరు ఒక్కటే ఉంది. అక్కడ నా కలం ఆగిపోయింది. ఎందుకంటే నాకు పాట నేర్పినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా ఆ కాగితం మీద లేదు. మైపాడు రేవుకు దగ్గర మా వూరు. మా మళ్ళలో నాట్లేసే ఆడవాళ్ళే నా గురువులు. వాళ్ళని "సంగీత కళాకారులు" అని రాయడానికి నాకే చెయ్యి రాలేదు. పొరపాటు ఎక్కడో బయట లేదు, నాలోనే ఉందని అప్పుడర్థమైంది.

ముందు పేరున్నవాళ్ళ సంగతి చెబుతాను. వాళ్ళని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి పాట వినకుండా పెరిగినవాళ్ళు ఈ హాల్లో ఎవరూ ఉండరు. 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టినా ఆయన నెల్లూరు మనిషే. తండ్రి సాంబమూర్తిగారు హరికథా కళాకారుడు. గూడూరులో జరిగిన ఒక పాటల పోటీకి ఎస్. జానకిగారు వచ్చారనీ, ఈ కుర్రవాడు సినిమాల్లో పాడాలని ఆమె ప్రోత్సహించారనీ ఆయన ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సినిమాకు కోదండపాణిగారు మొదటిసారి పాడించారు. తర్వాతి కథ అందరికీ తెలిసిందే. తెలుగు, హిందీ, కన్నడ, తమిళ పాటలకు కలిపి ఆరుసార్లు జాతీయ అవార్డు వచ్చింది. 2020 సెప్టెంబరు 25న ఆయన కరోనా రోజుల్లో మనకు దూరమయ్యారు. ఆ రోజు మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆయన పాటే మోగింది.

హరికథ చెప్పేవారి పేరు కరపత్రం మీద ఉంటుంది. ఆయన కథకి బయల్దేరితే వెనక ఇల్లు నడిపే మనిషి పేరు ఎక్కడా ఉండదు. బాలుగారి తల్లి శకుంతలమ్మగారి పేరు నేను మొదటిసారి పత్రికలో చదివింది 2019లో, ఆమె పోయినప్పుడు. ఆ ఇంటి నుంచి ఇంకో గొంతు కూడా వచ్చింది. ఎస్.పి. శైలజ. నేపథ్య గాయనిగా ఎన్నో పాటలు పాడారు, ఇతర నటీమణులకు గొంతు అరువిచ్చారు, 1983లో 'సాగర సంగమం'లో నాట్యం చేసే పాత్ర వేశారు. నా కాగితం మీద ఉన్న ఒకే ఒక్క ఆడపేరు అదే. ఆమె గురించి ఏ వ్యాసం తిరగేసినా మొదటి వాక్యం "బాలు చెల్లెలు" అనే మొదలవుతుంది. బాలుగారి గురించి ఎవరైనా "శైలజ అన్న" అని మొదలుపెట్టగా చూశారా? తిప్పరాజువారి వీధిలోని ఆ ఇంటిని బాలుగారు 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చారు. అది వారి ఇష్టం. అయినా ఆ వీధిలో పోతున్నప్పుడల్లా, ఇక్కడ ఆడపిల్లలకు పాట నేర్పే బడి ఉంటే ఎంత బాగుండునో అనుకుంటాను.

ఇంకొకరు ఆచార్య ఆత్రేయ. సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడు ఆయన వూరు. ఆ ప్రాంతాన్ని 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు కానీ, మా లెక్కలో ఆయన నెల్లూరాయనే. 'ఎన్.జి.ఓ.' అని ఒక నాటకం రాశారు. మన సంస్థల గురించి కాదులెండి, కంగారుపడకండి. చాలీచాలని జీతంతో ఇల్లు ఈదే గుమాస్తా కథ అది. సినిమాల్లోకి వచ్చాక మనసు కవి అని పేరు పడింది. ఆయన పాటలంటే నాకు ఇష్టం. కానీ ఒక్కటి ఆలోచించండి. సినిమాలో ఆడదాని మనసు ఎలా ఉంటుందో రాసింది మగవాళ్ళు, దానికి బాణీ కట్టింది మగవాళ్ళు, తీసింది మగవాళ్ళు. చివర్లో పాడటానికి మాత్రం ఒక ఆడగొంతు పిలిచారు. మా నాట్ల పాటల్లో ఆడదాని మనసు అలా ఉండదు. అది కోపంగా ఉంటుంది, మోటుగా ఉంటుంది, ఆసామిని ఎగతాళి చేస్తుంది, మొగుణ్ణి వదిలిపెట్టదు. వెన్నెలకంటి కూడా మా వూరి రచయితే. బ్యాంకు ఉద్యోగం నుంచి పాటల్లోకి వెళ్ళి, డబ్బింగు సినిమాలకు విస్తారంగా రాశారు. 2021 జనవరిలో పోయారు.

ఇక్కడ చట్టం గురించి కొంచెం చెప్పాలి. మన దేశంలో కాపీరైటు చట్టం 1957 నాటిది. పాడినవాళ్ళకి, వాయించినవాళ్ళకి ప్రదర్శకుల హక్కు అనేది 1994 సవరణతో వచ్చింది. రాసినవారికి, బాణీ కట్టినవారికి, పాడినవారికి రాయల్టీలో వాటా ఉండాలని 2012 సవరణ గట్టిగా చెప్పింది. 2017లో తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడవద్దని ఇళయరాజాగారు బాలుగారికి నోటీసు పంపారు. అప్పుడు దేశమంతా ఒకటే చర్చ. పాట ఎవరిది? రాసినవాడిదా, బాణీ కట్టినవాడిదా, పాడినవాడిదా? ఎంత రసవత్తరంగా వాదించుకున్నారో! నేనూ పత్రికలో ఆసక్తిగా చదివాను. చదువుతూ చదువుతూ, మరి మా నాట్ల పాట ఎవరిది అని అనుకున్నాను. దానికి సమాధానం చాలా తేలిక. ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదు కనుక ఎవరైనా తీసుకోవచ్చు. సినిమావాళ్ళు పల్లెపాట బాణీ పట్టుకెళ్ళి "సాంప్రదాయం" అని పేరేస్తే అదే గొప్ప. సాంప్రదాయం అనే ఆవిడ ఏ వూళ్ళో ఉంటుందో, ఆవిడకి కూలి ఎంతో ఎవరికీ అక్కర్లేదు.

నాట్ల పాట ఎలా ఉంటుందో పట్నంలో పెరిగిన చెల్లెళ్ళ కోసం చెబుతాను. ఇరవై మంది ఆడవాళ్ళు మోకాళ్ళలోతు బురదలో వరసగా వంగి ఉంటారు. ఒకామె పాట ఎత్తుతుంది. మిగతావాళ్ళు అందుకుంటారు. చెయ్యి పాటతో పోతుంది. పాట ఎత్తే ఆమె ఆషామాషీ మనిషి కాదు. ఎండ ఎక్కేకొద్దీ ఏ పాట ఎత్తాలో, నడుం విరుగుతున్నప్పుడు ఎక్కడ నవ్వించాలో, గట్టుమీద ఆసామి వచ్చి నిలబడితే మాట ఎలా మార్చాలో ఆమెకు తెలియాలి. వరసలో పసిబిడ్డ తల్లి ఉంటే ఆమెకు ఊపిరాడేటట్టు పాటని నెమ్మది చేస్తుంది. దీనికి తాళజ్ఞానం కావాలి, జ్ఞాపకం కావాలి, అప్పటికప్పుడు కట్టే తెలివి కావాలి. కచేరీలో అయితే దీన్ని మనోధర్మం అంటారు. ఆసాములకు కూడా పాట ఇష్టమే, ఎందుకంటే పాటుంటే నాటు తొందరగా తెములుతుంది. కానీ పాట ఎత్తినామెకు కూలి అందరితో సమానమే. పాటకని ఒక్క పైసా ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. తర్వాత గుత్త నాట్లు వచ్చాయి, ఎకరానికింత అని. పరుగు పెరిగింది, పాట తగ్గింది. తర్వాత యంత్రాలు వచ్చాయి. యంత్రం పక్కన ఎవరు పాడతారు?

సముద్రం ఒడ్డున ఉన్న పాలేల్లో ఇంకో రకం. వల లాగేటప్పుడు పెట్టే కేకల్ని పాటలని రాసుకోవడానికి పరిశోధకులు వస్తారు. చేపలు ఎండబెట్టి, గంపలకెత్తి వూళ్ళు తిరిగే ఆడవాళ్ళని మాత్రం ధర అడిగి పంపేస్తారు. చావు ఇంట్లో ఆడవాళ్ళు వరసపెట్టి ఏడ్చే శోకాలు వినండి. పోయినవాడి బతుకంతా అందులో ఉంటుంది. 2004 డిసెంబరు సునామీ తర్వాత మా తీరంలో ఆ శోకాలు విన్నాను. ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. అది సంగీతమా అంటే కాదంటారు, ఏడుపంటారు. గంగమ్మ జాతరకు పంబ వాయించేది మగవాళ్ళే, మాలో డప్పు ముట్టుకునేది మగవాళ్ళే. ఆడది ఆ దరువుకు పూనకమై ఊగాలి తప్ప, కర్ర తన చేతికి రాదు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవి వదిలి వచ్చిన యానాది కుటుంబాల ఆడవాళ్ళ పాటలు వేరే చెప్పాలి. అది నేను చేయగలిగిన పని కాదు, వాళ్ళ పిల్లలే చేయాలి.

ఇప్పుడు 1991కి వస్తాను. అప్పుడు నేను 'అక్షర దీపం'లో వాలంటీరుని. రాత్రి బడికి పిలవడానికి ముందు కళాజాతా వెళ్ళేది. పాట లేకపోతే ఒక్క ఆడమనిషి కూడా పలక పట్టుకునేది కాదని నేను సాక్ష్యం చెబుతాను. ఆ చదువుల్లోనే సీతమ్మ కథ వచ్చింది, 'ఆడవాళ్ళు ఏకమైతే' పాఠం వచ్చింది. దూబగుంట ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మగారు, సారా కొట్టు మూయించిన వార్త వూరూరూ పాకింది.

మా జిల్లాలో అప్పట్లో "పాట" అంటే ఏమిటో తెలుసా? సారా వేలంపాట. "ఈయేడు పాట ఎవరిదిరా" అంటే, ఏ పాటదారు సారా హక్కు పాడుకున్నాడు అని అర్థం. ఆడదాని కూలి డబ్బు, తాళిబొట్టు, పిల్లల గంజి, అన్నీ ఆ పాటలోకే పోయేవి. 1992లో జిల్లా అంతటి నుంచీ ఆడవాళ్ళు ఆ పాటకు అడ్డం నిలబడ్డారు. వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. మేము లారీల్లో, బస్సుల్లో, కాలినడకన పోయాం. దారంతా పాడుతూనే ఉన్నాం. పాత నాట్ల పాట బాణీలే. మాటలు మాత్రం అక్కడికక్కడ మారిపోయేవి. ఆసామి పేరున్న చోట కాంట్రాక్టరు పేరు, అత్త ఉన్న చోట సారా కొట్టు. ఎవరు కట్టారు అంటే ఏం చెబుతాం? ముందు వరసలో ఒకామె ఎత్తేది, వెనక వరసకు వచ్చేసరికి అది ఇంకో పాట అయ్యేది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు, అది వేరే ఏడుపు. ఆ ఉద్యమం మీద పుస్తకాలు వచ్చాయి, పరిశోధనలు వచ్చాయి. పాటలు ఎత్తినవాళ్ళ పేర్లు మాత్రం నేను వెతికిన వాటిలో కనిపించలేదు.

అలా ముందు వరసలో పాట ఎత్తినవాళ్ళలో మా వూరి పెద్దమ్మ ఒకరు. వరసకు నాకు పెద్దమ్మ. కూలి మనిషి. ఇప్పుడు వయసు మీద పడింది, నడుం నాట్లలో వంగినట్టే ఉండిపోయింది. ఈ మధ్య ఆమె చేత కళాకారుల పింఛనుకు దరఖాస్తు పెట్టించాను. ఆఫీసు పేరు ఎందుకులెండి, ఏ ఆఫీసయినా అదే జరిగేది. "కళారూపం పేరు ఏమిటి?" అన్నారు. నాట్ల పాట అన్నాను. జాబితాలో లేదన్నారు. "గురువు పేరు?" అన్నారు. "ప్రదర్శనలు ఇచ్చినట్టు ఫోటోలు, పేపరు కటింగులు?" అన్నారు. మడిలో ఫోటోగ్రాఫరు ఎక్కడుంటాడు? డప్పు కళాకారుల కింద పెట్టవచ్చు కదా అని పక్కనున్నాయన సలహా ఇచ్చాడు. జన్మలో డప్పు ముట్టనివ్వని ఆడమనిషికి!

చివరికి ఒకాయన మంచిగానే చెప్పాడు. "అమ్మా, ఆమెకు వితంతు పింఛను వస్తోంది కదా. 2024 జూలై నుంచి వితంతువుకూ నాలుగు వేలే, కళాకారులకూ నాలుగు వేలే. రెండూ రావు. ఒక్క రూపాయి కూడా పెరగని దానికి ఎందుకీ తిరుగుడు?" అన్నాడు. లెక్క ప్రకారం నిజమే. నాకు జవాబు దొరకలేదు.

బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాక పెద్దమ్మే అంది: "ఇప్పుడిచ్చేది మొగుడు సచ్చినందుకు ఇస్తుండారు గదమ్మా. నేను పాట పాడినందుకు ఇస్తే నాకు వేరే. ఆ రూకలే అయినా నాకు వేరే." కొంచెంసేపు ఆగి మళ్ళీ, "ఆ మడిసి బతికుండగా పాట ఆపమని కొట్టేవోడు. ఇప్పుడు ఆయన పేరు మీదే నాకు డబ్బులు" అని నవ్వింది.

ఆ రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఏ వూళ్ళో ఎవరు పాట ఎత్తుతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏయే పాటలు, ఎవరైనా వచ్చి రికార్డు చేసుకుపోయారా, డబ్బిచ్చారా, పేరు రాసుకున్నారా. గురువు పేరు అన్న చోట అమ్మ పేరో, అత్త పేరో, పక్క మడిలో నాటు వేసిన ఆమె పేరో రాస్తున్నాను. మీలో చాలామంది ప్రతి నెలా పొదుపు సంఘాల మీటింగులకు పోతారు. అప్పు వసూలు లెక్క రాసే పుస్తకం చివర రెండు పేజీలు వదలండి, ఈ వివరాలు రాయండి. రికార్డు చేసేటప్పుడు ముందు అడగండి, పాడినామె పేరు ఆమె నోటితోనే చెప్పించి ఆ తర్వాత పాట పాడించండి. ఆ పేర్లతో మళ్ళీ అదే ఆఫీసుకు పోదాం. జాబితాలో లేదంటే, జాబితాలో చేర్చడానికి ఎవరికి అర్జీ పెట్టాలో రాసి ఇమ్మందాం. పెద్దమ్మ దరఖాస్తు నేను వెనక్కి తీసుకోలేదు.

నాకిచ్చిన టైము అయిపోయింది, అధ్యక్షురాలు గడియారం చూస్తున్నారు. పెద్దమ్మ ఇవాళ నాతో వచ్చింది. మూడో వరసలో, ఆకుపచ్చ చీర. మైకు కొంచెం కిందికి దించండి, ఆమె నిటారుగా నిలబడలేదు. ముందు తన పేరు చెబుతుంది, తర్వాత పాట ఎత్తుతుంది. మీరు అందుకోవాలి.