అనుకోని లోహపు వాల్వు

మైట్రల్ వాల్వును బాగుచేద్దామనే సర్జన్ గుండె తెరుస్తారు. చిన్నప్పటి కీళ్లవాత జ్వరంతో అది మరీ గట్టిపడి ఉంటే, అక్కడికక్కడే లోహపు వాల్వు అమర్చాల్సి వస్తుంది. మెలకువ వచ్చాక ఆ మాట విని చాలామంది కుంగిపోతారు. ఆ దిగులు దాచుకోకండి, డాక్టరుతో చెప్పండి.

ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముక అతుక్కునేదాకా, అంటే 6 నుంచి 12 వారాలు, నీళ్లబిందె ఎత్తొద్దు. దగ్గొస్తే దిండును ఛాతీకి అదుముకోండి.

రక్తం పలచబరిచే మాత్ర మాత్రం జీవితాంతం వేసుకోవాలి. రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతుందో చూపే ఐఎన్‌ఆర్ సాధారణంగా 2.5, 3.5 మధ్య ఉండేలా చూస్తారు. ఈ మాత్ర వేసుకుంటున్నంత మాత్రాన పాలకూర, తోటకూర మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని, మరో వారం ముట్టకపోవడమే చేటు. నొప్పి మాత్రలు సొంతంగా కొనొద్దు. పన్ను పీకించుకునే ముందు వాల్వు సంగతి చెప్పండి. జ్వరం విడవకపోయినా, మాట తడబడినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.