సంతలో వచ్చిన లెక్క బడిలో ఎందుకు రాదు?

 ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు బతికినన్నాళ్లూ లెక్కలే చెప్పారు కాబట్టి నేనూ లెక్కల గురించే మాట్లాడతాను. అయితే మాట్లాడేది ఫస్టు మార్కుల పిల్లల గురించి కాదు, లెక్కలు రావని మనం వెనక బెంచీకి పంపిన పిల్లల గురించి.

బ్రెజిల్‌లో రెసిఫె అనే ఊళ్లో వీధుల్లో, సంతల్లో సరుకులమ్మే అయిదుగురు పిల్లల మీద తెరెజిన్యా నూనెస్, మరో ఇద్దరు చేసిన పరిశోధన 1985లో అచ్చయింది. వాళ్లు కొనేవాళ్లలాగే వెళ్లి బేరం అడిగారు. పన్నెండేళ్ల కుర్రాడి దగ్గర కొబ్బరికాయ 35 క్రుజేరోలు. నాలుగు కాయలెంత? మూడింటికి 105, దానికి ముప్పై కలిపితే 135, ఇంకో అయిదు, మొత్తం 140. నోటితోనే తేల్చాడు. తర్వాత అదే కుర్రాడి చేత కాగితం మీద 35ను 4తో హెచ్చవేయించారు. నాలుగైదులు ఇరవై, సున్నా వేసి రెండు పైన పెట్టుకున్నాడు. ఆ రెండును ముందే మూడుకు కలిపేశాడు. అయిదైంది. మళ్లీ నాలుగైదులు ఇరవై. జవాబు 200! నాలుగు కాయలకు రెండొందలంటే కొనేవాడు కొట్లాటకొస్తాడని వాడికి తెలీదా? తెలుసు. కాగితం మీద కాయలూ లేవు, కొనేవాడూ లేడు.

వీధిలో ఆ పిల్లల జవాబులు 98 శాతం ఒప్పు. ఉత్త అంకెల లెక్కల్లో 37 శాతమే. అయిదుగురితో ఏం తేలుతుందని అడగొచ్చు, న్యాయమే. కానీ ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో చాలా ఎక్కువమందిని పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితం కూడా ఇదే చెప్పింది. పైగా, పనికి పోకుండా బడికే పోయే పిల్లలకు బేరం లెక్క ఇస్తే తెల్లమొహం వేశారట. ఫీజులు కట్టే తల్లిదండ్రులు ఈ ముక్క కాస్త గుర్తుంచుకోవాలి.

ఇదంతా విని, పేదపిల్లలకు సంత లెక్కలు చాల్లే అనుకుంటే అంతకంటే అన్యాయం లేదు. బీజగణితం రాని పిల్లకు పదో తరగతి తర్వాత ఎంపీసీ గుమ్మం మూసుకుపోతుంది. అమెరికాలో బాబ్ మోజెస్ పట్టుకున్నది ఈ గుమ్మాన్నే. 1960లలో మిసిసిపీలో నల్లజాతివాళ్లను ఓటర్లుగా నమోదు చేయిస్తూ దెబ్బలు తిన్న మనిషాయన. 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఓటు హక్కు ఎలాంటిదో ఇప్పుడు బీజగణితం అలాంటిదని ఆయన వాదం. రుణసంఖ్యల దగ్గర ఆగిపోయే పిల్లలకు 'ఎంత' అన్న ప్రశ్న వచ్చు, 'ఎటు' అన్న ప్రశ్న రాదని ఆయన గమనించాడు. అందుకని వాళ్లను సబ్‌వే రైలెక్కించాడు. ఒక స్టేషన్ను మొదలుగా పెట్టుకుని, అక్కణ్ణుంచి ఎన్ని స్టేషన్లు, ఎటువైపు అని చూసుకోవాలి. పిల్లలు బొమ్మ గీస్తారు, తమ మాటల్లో చెబుతారు, రాస్తారు. ప్లస్సులు మైనస్సులు వచ్చేది ఆ తర్వాతే. సిలబస్ తగ్గించలేదు, అక్కడికి చేరే దారి మార్చాడు. మన బళ్లలో సమానత్వం పేరుతో జరుగుతున్నది చాలాసార్లు దీనికి తలకిందులు: దారి మార్చం, పాస్ మార్కులు తగ్గిస్తాం.

ఈ సభలో లెక్కల టీచర్లు చాలామంది ఉన్నారు. మీకు ఒకటే మనవి. తప్పు జవాబుకు ఎర్రసిరాతో ఇంటూ కొట్టేముందు "ఎలా చేశావమ్మా?" అని అడగండి. చెప్పడం అయ్యేదాకా ఆగండి. పాఠం ఒక రోజు వెనకబడితే పడనివ్వండి.