ఖరీదైన తీగె కొంటే పాట బాగుపడుతుందా?
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ తర్వాత మనకు పాటలు వినే తీరిక దొరికింది. చేతిలో గ్రాట్యుటీ సొమ్మూ ఉంది. ఈ రెండూ ఉన్నచోటికి దుకాణదారు వస్తాడు. మన సభ్యులొకరు స్పీకరు తీగెలకే పదిహేను వేలు ఇవ్వబోతూ నన్ను సలహా అడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు.

లెక్క చూద్దాం. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల మామూలు రాగి తీగె అయిదు మీటర్లు లాగితే, పోనురాను పది మీటర్లకు నిరోధం 0.17 ఓము. స్పీకరుది 8 ఓములు. నష్టం నూటికి రెండు. అది చెవికి అందేది కాదు. దూరం ఎక్కువైతే కాస్త లావు తీగె వేసుకోండి, చాలు. కళింగపట్నం, బారువ వంటి సముద్రపు గాలి ఊళ్ళలో మాత్రం తీగె కొసలు చిలుము పడతాయి. అప్పుడప్పుడు గీకి బిగించాలి. దానికి ఖర్చు లేదు.

1990 ప్రాంతంలో సీడీ అంచుకు ఆకుపచ్చ ఇంకు రాస్తే ధ్వని మెరుగవుతుందని విదేశాల్లో ప్రచారం జరిగింది. సీడీలో ఉన్నవి అంకెలు. చదవడంలో చిన్న తప్పులు దొర్లితే ప్లేయరే దిద్దుకుంటుంది. ఇంకుకు అక్కడ పనేముంది?

అన్నీ బూటకమని నేననను. మన విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలలో ఫిడేలు నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత 78 రికార్డు ఎవరింట్లోనైనా ఉంటే, దానికి వెడల్పాటి సూది వేరే కావాలి. ఎల్పీ సూది ఆ గాడి అడుగుకు దిగి దుమ్మునే చదువుతుంది. సూది మారిస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. కానీ గాడిలో లేని స్వరాన్ని తీగె ఎక్కడినుంచి తెస్తుంది? పైగా మన చెవులూ రిటైరయ్యాయి. అరవై దాటినవారిలో చాలామందికి సన్నని ధ్వనులు వినపడవు. దుకాణదారు బాగుపరుస్తాననేది సరిగ్గా వాటినే!

అసలు చిక్కు గదితో. వెనుకటి పెంకుటిళ్ళ స్థానంలో స్లాబు, నున్నటి గోడలు, పాలరాతి నేల వచ్చాయి. మాట కూడా గింగురుమంటుంది. నేలమీద జంపఖానా, గోడకు పుస్తకాల బీరువా, కిటికీకి దళసరి తెర ఉండాలి. (పొందూరు ఖద్దరు కట్టకండి, అంత సన్నని బట్ట ధ్వనిని ఆపదు.) స్పీకర్లను మూలలనుంచి జరిపి, మీరూ అవీ ముక్కోణంలో ఉండేట్టు కూర్చోండి.

ఇంకా కొనాలనిపిస్తే, కొనేముందు పరీక్ష చేయండి. రెండు తీగెలూ తెచ్చి, మీకు కనపడకుండా మనవడిచేత పదిసార్లు మార్పించండి. ఏది ఎప్పుడో వాడు బొమ్మా బొరుసూ వేసి నిర్ణయించాలి, చీటీమీద రాసుకోవాలి. శబ్దం పెంచకూడదు, ఏది గట్టిగా మోగితే అదే బాగున్నట్టుంటుంది. ఊరికే చెప్పినా అయిదు సరిపోతాయి. తొమ్మిది సరిపోతే ఆ తీగె కొనండి, నన్నూ వినడానికి పిలవండి.