అయిదో పిచ్చుక

ఈ వారం మీకు బాగా తెలిసిన విషయం ఏదైనా మాట్లాడండి అన్నారు నన్ను. నాకు బాగా తెలిసింది డేటాబేసులు. సెలవురోజు పొద్దున్నే వాటి గురించి వినమనడం అన్యాయం కాబట్టి, మా చర్చి వాకిట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. వింటున్నవారిలో చాలామంది క్రైస్తవులు కారని తెలుసు. ఇది ప్రచారం కాదు, మా ఇంటి తగువు మీ ముందు పెడుతున్నాను, అంతే.

హ్యూస్టన్ శివార్లలో మా తెలుగు సంఘానికి ఒక చిన్న భవనం ఉంది. ముందువైపంతా అద్దాలు. రాత్రిళ్ళు కూడా కళకళలాడుతూ కనబడాలని ఆ అద్దాల మీదికి పెద్ద దీపాలు పెట్టించింది నేనే. కంప్యూటర్ల వాణ్ణి కదా, మైకులు, ప్రొజెక్టరు, దీపాలు అన్నీ నా నెత్తినే. ఆదివారం అందరికంటే గంట ముందు వెళ్తాను. ఏప్రిల్ వచ్చిందంటే గుమ్మం ముందు చిన్న చిన్న పిట్టలు చచ్చి పడి ఉండేవి. జనం రాకముందే చీపురు తీసుకుని చెత్తబుట్టలోకి ఊడ్చేసేవాణ్ణి. రెండేళ్ళు అలాగే ఊడ్చాను. ఆ తరువాత లోపలికెళ్ళి సృష్టికర్తను స్తుతించే పాట స్లైడ్లు సరిచూసుకునేవాణ్ణి.

మూడో ఏడు మా అమ్మాయి నాతో వచ్చింది. తొమ్మిదేళ్ళది. ఒక పిట్టని పేపర్ నాప్‌కిన్‌తో ఎత్తి పట్టుకుంది. పసుప్పచ్చని పొట్ట, దాని మీద నల్లటి చారలు. "నాన్నా, ఇది ఏ ఊరి పిట్ట?" అంది. కొత్తవాళ్ళు కనబడగానే మనందరం అడిగే ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికెళ్ళి వెతికితే తేలింది, దాని పేరు మాగ్నోలియా వార్బ్లర్. చలికాలమంతా మెక్సికో, మధ్య అమెరికా వైపు ఉండి, ఎండాకాలం గూడు కట్టుకోవడానికి కెనడా అడవులకి పోతుంది. ఇలాంటి పిట్టలెన్నో వసంతంలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా దాదాపు ఆరువందల మైళ్ళు ఎక్కడా వాలకుండా ఎగిరి మన టెక్సాస్ తీరం చేరతాయి. సుమారు మూడు గ్రాముల హమ్మింగ్‌బర్డ్ కూడా ఆ నీళ్ళు దాటుతుందట! చాలావాటి ప్రయాణం రాత్రిపూటే, చుక్కల గుర్తుతో. మన దీపాలు వాటిని దారి తప్పించి కిందికి లాగుతాయి. తెల్లవారాక అద్దంలో కనబడే చెట్టు నిజం చెట్టే అనుకుని వచ్చి గుద్దుకుంటాయి. 2017 మే నెలలో గాల్వెస్టన్‌లో ఒక గాలివాన రాత్రి ఒక్క ఎత్తయిన భవనం దగ్గరే నాలుగువందలకు కాస్త తక్కువ పిట్టలు చనిపోయాయి. అమెరికా మొత్తం మీద భవనాలకు గుద్దుకుని ఏటా 36 కోట్ల నుంచి 98 కోట్ల దాకా పక్షులు చనిపోతున్నాయని 2014లో ఒక అంచనా వేశారు.

పిట్టలు వలసపోయే కాలంలో రాత్రి 11 నుంచి పొద్దున 6 వరకు దీపాలు ఆర్పేద్దామని, అద్దాల మీద రెండేసి అంగుళాల ఎడంలో చుక్కల స్టిక్కర్లు అంటిద్దామని కమిటీలో అన్నాను. దొంగల భయం అన్నారు కొందరు. అది న్యాయమైన మాటే. పార్కింగులో మనిషి కదిలితేనే వెలిగే దీపాలు పెట్టుకుంటే తీరిపోతుంది. తీరనిది ఇంకో అభ్యంతరం. నేనెంతో గౌరవించే ఒక పెద్దాయన, "బాబూ, మనుషుల ఆత్మలు నశించిపోతుంటే పిట్టల గొడవేమిటి? ఈ భూమి ఎలాగూ కాలిపోయేదే కదా" అన్నారు. పేతురు రెండో పత్రికలో అలా అనిపించే వచనం ఉంది మరి.

ఆ రాత్రి ఆదికాండం మళ్ళీ చదివాను. మనిషిని భూమిని ఏలమన్నది మొదటి అధ్యాయం. మావాళ్ళకి అది కంఠతా వచ్చు. రెండో అధ్యాయంలో దేవుడు మనిషిని తోటలో పెట్టి అప్పగించిన పనులు రెండే: సేద్యం చేయడం, కాయడం. ఈ 'కాయడం' అన్నచోట హీబ్రూలో 'షామర్' అనే మాట ఉంది. తమ్ముణ్ణి చంపిన కయీను నేనేమన్నా వాడికి కావలివాడినా అని దబాయించేది ఆ ధాతువుతోనే. దేవుడు నిన్ను కాపాడుగాక అని యాజకులు దీవించేదీ దానితోనే. మన తెలుగు చూడండి, కాయడం, కావలి, కాపరి, కాపాడడం అన్నీ ఒకే ఇంటి పిల్లలు. చేను కాసేవాడు చేనుకి యజమాని కానక్కర్లేదు. లెక్క మాత్రం చెప్పాలి. (మా తాతయ్య మంచె ఎక్కి జొన్నచేను కాసింది పిట్టల నుంచే, అది ఒప్పుకుంటాను.) ఇక ఏలడమంటారా, మందని మేపకుండా తామే మేసిన కాపరుల మీద యెహెజ్కేలు 34వ అధ్యాయంలో దేవుడు ఎంత మండిపడ్డాడో చదవండి.

పిచ్చుకల మాట కూడా చెప్పాలి. మత్తయి సువార్తలో కాసుకి రెండు పిచ్చుకలు. లూకాలో రెండు కాసులకి అయిదు. అంటే అయిదోది కొసరు, దానికి ధరే లేదు. ఆ అయిదింటిలో ఒక్కదాన్ని కూడా దేవుడు మరిచిపోడని యేసు చెప్పాడు. మనుషులు అంతకంటే శ్రేష్ఠులని కూడా అక్కడే ఉంది, పెద్దాయన అదే ఎత్తి చూపారు. నిజమే. కానీ కొసరు పిచ్చుకకి విలువే లేకపోతే ఆ పోలికకి అర్థమేముంది అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. కాసేపు ఊరుకుని, కోనసీమలో వాళ్ళమ్మగారు కోతలైన వెంటనే పిచ్చుకల కోసం వసారాలో వరికంకుల కుచ్చు కట్టేవారని చెప్పారు. "అదంతా ఎందుకని మేమెప్పుడూ అడగలేదు బాబూ" అన్నారు. మరుసటి శనివారం నిచ్చెన పట్టుకుంది ఆయనే.

అద్దాలకి సగం దాకా చుక్కలు అంటించాం. మిగతా సగానికి డబ్బు ఇంకా పోగుచేస్తున్నాం. వసంతం, శరత్తు రెండు కాలాల్లోనూ ముందు దీపాలు ఆర్పుతున్నాం. కప్పు మీది శిలువ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. దాన్ని ఆర్పడానికి చాలామందికి మనసొప్పడం లేదు, నాకూ కొంచెం కష్టంగానే ఉంది. వచ్చే నెల కమిటీలో మళ్ళీ ఆ మాట వస్తుంది. ఈలోగా మా అమ్మాయి ఒక నోటుబుక్కు పెట్టుకుని ప్రతి ఆదివారం గుమ్మం ముందు లెక్క రాస్తోంది. పోయిన వారం ఒకటి.