అమ్ము బరువు చూసి వింట పెట్టండి

(ఆదివాసీ దినోత్సవం విల్లంబుల పోటీలకు ముందు యువతతో మాట్లాడిన మాటలు)



ఆగస్టు 9 దగ్గరకొచ్చింది. అటక మీది తాత విల్లు మళ్లీ కిందికి దిగుతది. అందుకే ఒక్క సంగతి చెప్పాలె.

పోయినేడు మా మేనల్లుడు ఎవరో ఇచ్చిన కార్బన్ బాణాన్ని తాత వెదురు విల్లుకు పెట్టిండు. రెండు సార్లు రివ్వున పోయింది. అందరం చప్పట్లు కొట్టినం, నేను కూడా. మూడోసారి పై కొమ్ము ఫట్‌మని విరిగి, పేడు కనుబొమ్మలో దిగింది. వేలెడు కిందైతే కన్ను పోయేది. తప్పు పిల్లగానిది కాదు. బరువు చూడమని పెద్దోళ్లం ఎవ్వరం చెప్పలే.

విల్లు వంచితే మన బలం దాంట్ల నిలువ ఉంటది. నారి వదిలినప్పుడు ఆ బలాన్ని అమ్ము మోసుకపోవాలె. అమ్ము తేలికైతే తక్కువ మోస్తది, మిగిలిందంతా తిరిగి కొమ్ములనే కొడతది. అమ్ము లేకుండా ఉత్త నారి వదలొద్దని తాతలు తిట్టేది ఇందుకే. తేలిక బాణం కూడా దాని తమ్ముడే.

ఇగ లెక్క. బస్తాలు తూచే కొక్కెం కాటాను నారికి తగిలించి, మీరు రోజూ లాగేంత దూరం లాగండి. చూపించిన ప్రతి కిలోకు 1.4 గ్రాముల అమ్ము ఉండాలె. 18 కిలోల విల్లుకు 25 గ్రాములు, ములికి, ఈకలు కలుపుకొని. సంతలో వెండి తూచే కాటా చాలు. షాపులో దొరికే చక్రాల విల్లుకు ఇందులో సగం సరిపోతదంటరు. అది ఫైబర్ కొమ్ముల లెక్క, వెదురుకు పెట్టకండి. చేతులు పొడుగున్నోళ్లు ఎక్కువ వెనక్కి లాగుతరు, అదే విల్లు వాళ్లకు బరువెక్కుతది. కాబట్టి ఎవరి లాగు వాళ్లే తూచుకోవాలె. అమ్ము కొంచెం బరువైతే భయం లేదు, గురి కాస్త పైకి పట్టాలె, అంతే. కానీ సన్నపుల్లకు పెద్ద ములికి తొడిగి బరువు తేవొద్దు, పుల్లే విరుగుతది.

మన పెద్దలకు కాటా ఎందుకు? విల్లు చెక్కిన చెయ్యే అమ్మూ చెక్కేది. ఇప్పుడు విల్లు తాతది, బాణం షాపుది.

2006 అటవీ హక్కుల చట్టం వేట హక్కును మనకు ఇయ్యలే. వెదురును మాత్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. అంటే మన విల్లు ఇగ పోటీల్లోనే బతకాలె. అక్కడ ఒక పిల్లగాని కన్ను పోతే ఆ పోటీలూ వద్దంటరు.

ఆదివారం విల్లులు పట్టుకొని రండి. కాటా నేను తెస్త. ముందు కొమ్ముల మీద దూది రుద్ది చూద్దాం. దూది పట్టుకున్నచోట పేడు లేచినట్టు. ఆ విల్లు గోడకే ఉండాలె, ఎంత ముద్దైనదైనా సరే.